మైలేజీ సెట్టింగ్

జ్యోతిర్మయి బండి మీద నుంచి పడిపోయిన సంగతి ఆమె మొగుడికి అందరికంటే ఆఖర్న తెలిసింది. తంగేళ్ళదిన్నెలో అమరేశ్వరరావు టీ కొట్టు ముందు ఒక స్పీడు బ్రేకరు ఉంది. ఆమె పడింది అక్కడే. శ్రీహరి మాత్రం మిరప నారు సంగతేదో వెనక కూర్చున్న భార్యకు చెప్పుకుంటూ అలాగే ముందుకు పోయాడు. కొట్టు బల్లల మీద కూర్చున్నవాళ్ళు కేకలేస్తే అప్పుడు తిరిగి చూశాడు. వెనక సీటు ఖాళీగా ఉంది.

ఆమె రోడ్డు మీద వెల్లకిలా పడి ఉంది. ఇందాక పక్కన మొగుడి భుజం ఉంది, ఇప్పుడు పైన కరెంటు తీగలున్నాయి. మధ్యలో ఏం జరిగిందో ఆమెకు అంతుపట్టలేదు. నొప్పి ఇంకా రాలేదు, ముందు సిగ్గు వచ్చింది. మోకాళ్ళ మీదికి పోయిన చీరను కుడిచేత్తో కిందికి లాక్కుంది. ఎడమచెయ్యి లేవలేదు. చూసుకుంటే మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు.

"మళ్ళీ పడిందిరోయ్!" అన్నారెవరో.

ఆ 'మళ్ళీ'కి ఇద్దరు ముగ్గురు నవ్వారు. ప్రాణానికేం ఫర్వాలేదని తెలిశాక వచ్చే నవ్వే, అందులో పగ లేదు. అమరేశ్వరరావు చేతిలో గ్లాసులు అక్కడే పెట్టేసి నీళ్ళచెంబుతో పరుగెత్తుకొచ్చాడు. శ్రీహరి బండికి స్టాండు వేసి వచ్చాడు. అతని ముఖం పాలిపోయింది. అంత కంగారులోనూ అతని నోట్లోంచి వచ్చిన మొదటి మాట మాత్రం ఇది.

"గట్టిగా పట్టుకొని కూర్చోమంటే వినవు గదే. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"పట్టుకునే ఉన్నాను..." అంది జ్యోతిర్మయి. అన్నాక ఆమెకే అనుమానం వచ్చింది. నిజంగా పట్టుకునే ఉన్నానా?

శ్రీహరి చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పెయ్యడం మంచిది, లేకపోతే చదివేవాళ్ళు ఇక్కడే అతని మీద పడతారు. పెళ్ళాం మీద చెయ్యెత్తిన మనిషి కాదు. ఊళ్ళో ఎవరికి కష్టమొచ్చినా ముందుంటాడు, పార్టీ పనులకూ పంచాయతీ పనులకూ తిరుగుతాడు. తాగుడు లేదు. ఉన్న గొప్పంతా ఒకటే, బండి మైలేజీ. సాయంత్రం టీ కొట్టు దగ్గర మగవాళ్ళు చేరితే వానల సంగతి, మిర్చి ధర సంగతి అయిపోయాక బళ్ళ సంగతికి వస్తారు. ఎవరి బండి లీటరుకు ఎంతిస్తుందో ఎవరికి వాళ్ళు చెబుతారు. శ్రీహరి ఆఖర్న చెబుతాడు. అతను చెప్పాక ఇంకెవరూ చెప్పరు.

వినుకొండలో ఎముకల డాక్టరు ఫోటో తీయించి, మణికట్టు దగ్గర విరిగిందని కట్టు కడుతూ "ఎట్లా పడ్డారమ్మా?" అని అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోపే శ్రీహరి అందుకున్నాడు. "బండెక్కితే సరిగ్గా కూర్చోదండీ. బాలెన్సు లేదు మనిషికి. ఇంతకుముందు కూడా పడింది."

డాక్టరు ఆమె వంక చూశాడు. జ్యోతిర్మయి అవునన్నట్టు తల ఊపింది.

మరునాడు పొద్దున్నుంచీ ఇంటికి చూడవచ్చేవాళ్ళు మొదలయ్యారు. వచ్చినవాళ్ళంతా ముందు అయ్యో అంటారు, కట్టు ముట్టుకొని చూస్తారు, తర్వాత ఏదో ఒక సలహా చెప్పి పోతారు. సీటు మీద తువ్వాల వేసుకోమని ఒకరు, కళ్ళు మూసుకోవద్దని ఒకరు. "మా ఇంట్లో యూరియా బస్తా ఎనకాల పెట్టుకొని తెస్తారు, తాడు కూడా కట్టరు. అది పడదు, నువ్వు పడతావేందే!" అని పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంది. జ్యోతిర్మయి కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? తన ఒంట్లోనే ఏదో లోపం ఉందని ఆమెకు ఎప్పటి నుంచో నమ్మకం. రోడ్డు మీద ఎందరో ఆడవాళ్ళు ఒళ్ళో పిల్లను పెట్టుకొని, చేతిలో సంచి పట్టుకొని, ఫోను మాట్లాడుకుంటూ ఒక పక్కకు కూర్చొని పోతుంటారు. తనకొక్కదానికే చేతకాదు. ఎప్పుడో స్కూటీ నేర్చుకుంటానంటే శ్రీహరి గట్టిగా నవ్వి, "ఎనక కూర్చోటం రాలేదు, ముందు కూర్చుంటదంట" అన్నాడు. అది సబబుగానే తోచి ఆమె మళ్ళీ ఆ మాటెత్తలేదు.

అత్తగారు బసవమ్మకు ఇక ఊరుకోవడం కుదరలేదు. కొడుకు చేత బండిని వాకిట్లోకి తెప్పించి, నడిమి స్టాండు వేయించింది.

"ఇటు రా అమ్మాయ్. కూర్చోటంలోనే ఉంది కిటుకు" అంటూ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకొని, కొడుకు ఆసరాతో తనే ఎక్కి కూర్చుంది. "చూడు. నడుం ఇట్టా నిటారుగా పెట్టాలి. బరువంతా ఇటేసుకోవాలి. నేను కదిలానా? చూడు, కదిలానా?"

బండి కదలడం లేదు గనక ఆవిడా కదల్లేదు. బసవమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఎక్కడికి పోయినా ఆటోలోనే పోతుంది. ఆ బండి నడుస్తుండగా ఆవిడ ఎక్కిన పాపాన పోలేదు. ఆ సంగతి అక్కడున్న ఎవరికీ తట్టలేదు, జ్యోతిర్మయికి కూడా తట్టలేదు. కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకొని, వీధిలో పోయేవాళ్ళు చూస్తుండగా ఆమె బండెక్కి నడుం నిటారుగా పెట్టింది. అత్తగారు నడుము మీద తట్టి, ఇంకాస్త, ఇంకాస్త అని దిద్దింది. శ్రీహరి గడప మీద కూర్చొని పల్లీలు వలుచుకుంటూ ముసిముసిగా నవ్వాడు.

ఆ సాయంత్రం శేషారత్నం వచ్చింది. జ్యోతిర్మయి ఊళ్ళో డ్వాక్రా సంఘాలకు యానిమేటరు. ప్రతి వారం శ్రీహరి బండి మీద నూజెండ్ల పోయి మండలం మీటింగులో ఊరి సంఘాల పనులు చూసుకు రావాలి. ఆ పని దొరకడానికి ఆమె చాలా తంటాలు పడింది. దొరికాక ఇంట్లోనూ ఊళ్ళోనూ ఆమె మాటకు కాస్త విలువ వచ్చింది. శేషారత్నం పక్క సంఘం లీడరు, మంచిదే.

"శుక్రవారం మన సంఘాలోళ్ళం కూర్చుంటున్నాం జ్యోతీ" అంది శేషారత్నం మంచం పట్టె మీద కూర్చుంటూ. "సోమవారం నుంచి నూజెండ్లకి నన్ను పొమ్మంటున్నారు. నీకేమన్నా ఇష్టం లేకపోతే చెప్పు."

"చెయ్యి అతుక్కున్నదాకా ఆటోలో పోతాను గదక్కా."

"చెయ్యి సంగతి కాదే. ఇయ్యాల చెయ్యి, రేపు ఇంకోటి. నీకు బండి మీద పోటం పడదని శ్రీహరే చెప్పాడు. ఊరికే భయంగా ఉంది, ఎవరినన్నా చూసుకోండక్కా అన్నాడు."

జ్యోతిర్మయి మొగుడి వంక చూసింది. అతను పల్లీ పొట్టు ఊదేస్తూ, "నీ మంచికే గదే" అన్నాడు. ఆ గొంతులో నిజంగానే ప్రేమ ఉంది.  రాత్రి అన్నం మాత్రం సయించలేదు.

శుక్రవారం పొద్దున కట్టు చూపించుకోవడానికి వినుకొండ పోవాలి. ఊళ్ళో ఆటోలన్నీ పత్తి తీతకు కూలీలను ఎక్కించుకొని పోయాయి. "మెల్లగా తోల్తాలే, రా" అన్నాడు శ్రీహరి. మెల్లగానే తోలాడు. మెల్లగా తోలే కొద్దీ ఆమెకు నరకం కనిపించింది. గుంత దగ్గర, మలుపు దగ్గర, గొర్రెల మంద అడ్డమొచ్చిన దగ్గర, అతను ఎక్స్‌లేటరు వదిలి మళ్ళీ తిప్పినప్పుడల్లా బండి ఒక్క లిప్త పాటు ఊపిరి బిగపట్టి, అంతలోనే ఒక్క ఉదుటున ముందుకు దూకేది. ఆమె కుడిచేత్తో అతని భుజాన్ని గోళ్ళు దిగేలా పట్టుకుంది. నడుం నిటారుగా పెట్టింది, బరువు ఇటేసింది. అత్తగారు చెప్పినవన్నీ చేసింది. అయినా ప్రతి కుదుపుకీ ఒళ్ళు వెనక్కి పోతూనే ఉంది.

"కదలబాకు" అంటున్నాడు అతను ప్రతిసారీ. "నువ్వు కదిలితే బండి కదిలిద్ది."

డాక్టరు కట్టు బాగానే ఉందన్నాడు. తిరిగొస్తుంటే బస్టాండు మలుపులో బండి ఒక్క దూకు దూకి, కింద గరగరమంటూ చైను ఊడిపోయింది. శ్రీహరి తిట్టుకుంటూ దిగి, బండిని తోసుకుంటూ మొహిద్దీన్ షెడ్డుకు తీసుకుపోయాడు. గులాం మొహిద్దీన్ ఆ సందులో చాలా కాలంగా బళ్ళు బాగుచేస్తున్నాడు. గడ్డం నెరిసింది. శ్రీహరి బండి కొన్న దగ్గర్నుంచీ ఆయన దగ్గరికే తెస్తాడు.

"చైనెక్కించి బిగించు భాయ్. నేను మందుల కొట్టు దాకా పోయొస్తా. నువ్వు ఇక్కడ కూర్చోవే" అని శ్రీహరి చెట్లకు కొట్టే మందుల కోసం పోయాడు.

మొహిద్దీన్ ఆమెకు ఒక స్టూలు వేసి, ఫ్యాను ఇటు తిప్పాడు. బండి పక్కన గొంతుకూర్చొని చైను చేతిలోకి తీసుకుంటూ కట్టు వంక చూశాడు.

"చెయ్యికేమైంది చెల్లెమ్మా?"

"పడ్డానన్నా, బండి మీద నుంచి."

"అరెరె. స్పీడులోనా?"

"కాదు. స్పీడు బ్రేకరు దగ్గర, మెల్లగా పోతుంటే. నాకు కూర్చోవటం రాదులే" అని నవ్వింది. ఈ మధ్య ఎవరడిగినా ఇదే జవాబు చెప్పి చెప్పి అలవాటైపోయింది.

మొహిద్దీన్ నవ్వలేదు. చేతిలో చైను అలాగే ఉండిపోయింది. చైనెక్కించాడు, బండి స్టార్టు చేశాడు, సందు చివరి దాకా పోయి మెల్లగా తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు షెడ్డు ముందు కాలవ గట్టు దగ్గర ఎక్స్‌లేటరు వదిలి మళ్ళీ తిప్పాడు. బండి బిగపట్టి దూకింది. ఆమె కూర్చున్న స్టూలు మీదే ఉలిక్కిపడింది. బయట నుంచి ఆ దూకును చూడటం ఆమెకు అదే మొదలు. వెనక సీటు మీద ఎవరూ లేరు. ఆమె లేదు. అయినా బండి దూకింది.

"ఇంకా అట్టనే పెట్టుకొని తిరుగుతున్నాడా ఈ మనిషి!" అన్నాడు మొహిద్దీన్ తనలో తాను అనుకున్నట్టు.

"ఎట్టా అన్నా?"

"మైలేజీ సెట్టింగు తల్లీ. మన వైపు ఎవరొచ్చినా ముందదే అడుగుతారు. పెట్రోలు తగ్గించి గాలి పెంచాలంటారు. పెంచుతాం. కాస్తయితే ఫర్వాలా. శ్రీహరన్న ఇంకా తగ్గించు, ఇంకా తగ్గించు అని పిప్పి చేశాడు. బండికి మెల్లగా పోయేటప్పుడు పెట్రోలు చాలదు. తిప్పంగానే అందుకోదు, అందుకున్నాక ఒక్కసారే లాగిద్ది. దానికి తోడు ఎనక చక్రంలో రబ్బర్లు ఉంటయ్, కుదుపు మింగేయటానికి. అవి అరిగిపోయినయ్. చైను వదులు. అన్నీ కలిసి ఒకటే దూకుడు."

"మరి ఆయనకు తెలియదా? ఆయనా అదే బండి మీద ఉంటాడు గదా."

"ముందు కూర్చున్నోళ్ళ చేతిలో హ్యాండిలు ఉంటదమ్మా. ఎప్పుడు లాగిద్దో వాళ్ళ చేతికి ముందే తెలుసు. ఒళ్ళు దానంతటదే కాసుకుంటది. దెబ్బంతా ఎనక కూర్చున్నోళ్ళకే, అందులో ఒక పక్కకు కూర్చున్నోళ్ళకి మరీ. అయినా తెలియకపోవటం ఏంది, నేను చెప్పా గదా ఆయనకి. పోయిన ఎండల్లో సర్వీసుకు తెచ్చినప్పుడు చెప్పా. అన్నా, ఎనకాల ఎవరన్నా ఎక్కితే పడతారు, సెట్టింగు మార్చి రబ్బర్లు ఏస్తా అన్నా. అంటే..."

ఆగిపోయాడు. రెంచీ కోసం వెతుకుతున్నట్టు పెట్టెలో చెయ్యి పెట్టాడు.

"అంటే ఏమన్నాడన్నా?"

"ఏదో అన్నాడ్లే. మగోళ్ళం, సవాలక్ష అనుకుంటాం."

"ఆయనన్న మాట అన్నట్టే చెప్పన్నా."

మొహిద్దీన్ ఆమె ముఖం చూశాడు. చెప్పక తప్పదని తెలిసిపోయింది.

"ఎనకాల ఎక్కేది మా ఆడదేగా, సర్దుకుంటదిలే అన్నాడు."

జ్యోతిర్మయికి చెవుల్లో హోరుమంది.  సందులో లారీ ఏదో హారన్ కొడుతోంది, పక్క కొట్లో ఎవరో బేరమాడుతున్నారు, అవన్నీ ఎక్కడో దూరంగా జరుగుతున్నాయి. పడ్డప్పుడు కూడా ఇలాగే ఉంది. ఇందాక ఉన్నది ఇప్పుడు లేదు, మధ్యలో ఏం జరిగిందో అంతుపట్టదు. ఆయనకు తెలుసు. ఎండాకాలంలోనే తెలుసు. ఆ తర్వాతే డాక్టరుకు బాలెన్సు లేదని చెప్పాడు. ఆ తర్వాతే వాకిట్లో గడప మీద కూర్చొని, పల్లీలు వలుచుకుంటూ, తనను కదలని బండి మీద కూర్చోబెడుతుంటే చూసి నవ్వాడు.

"మంచినీళ్ళు తాగుతావా తల్లీ?"

"బాగయిద్దా అన్నా ఇది?"

"ఎందుకవదు? గంటన్నర పని."

"అయితే చెయ్యి."

"శ్రీహరన్న వచ్చాక ఒక మాట..."

"నేను చెబుతున్నా గదన్నా, చెయ్యి."

మొహిద్దీన్ వెనక చక్రం విప్పాడు. చక్రం మధ్యలోంచి నల్లటి రబ్బరు ముక్కలు తీసి నేల మీద వరసగా పెట్టాడు. గట్టిగా ఉండాల్సినవి వేళ్ళ మధ్య నలిగి పొడి రాలుతున్నాయి. కొత్తవి సబ్బు నీళ్ళు రాసి, బొటనవేలితో అదిమి ఒక్కొక్కటీ కూర్చాడు. చక్రం బిగించి, చైను కిందికీ పైకీ ఆడించి చూసి, మళ్ళీ వదులు చేసి, మళ్ళీ బిగించాడు. కార్బరేటరు విప్పి పెట్రోలులో కడిగాడు. చిన్న ఇత్తడి ముక్క ఒకటి తీసి, దాని మధ్యనున్న సూదిబెజ్జాన్ని వెలుగుకు ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. నోటితో ఊది మళ్ళీ చూశాడు. ఎక్స్‌లేటరు కేబులుకు నూనె పోసి, వదులుగా వేలాడుతున్న భాగాన్ని బిగించాడు. ఆమె కళ్ళార్పకుండా ప్రతిదీ చూస్తోంది. ఆమె చెయ్యి విరగడానికి కారణాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి నేల మీదికి వస్తున్నాయి. అందులో తన నడుము లేదు, తన బరువు లేదు.

చివరికి బండి స్టార్టు చేసి, చిన్న స్క్రూ మీద టెస్టరు పెట్టి, చెవి దగ్గరగా వంచి మెల్లగా తిప్పాడు. చప్పుడు ముందు తడబడింది, తర్వాత కుదురుకుంది. ఇంకాస్త తిప్పి, వెనక్కి కాస్త తెచ్చి ఆగాడు. ఇంజను ఒకే తీరున పలుకుతోంది.

అప్పటికి శ్రీహరి వచ్చాడు. నేల మీద పాత రబ్బర్లు చూసి, "చైనెక్కిస్తే చాలదా భాయ్? ఇదంతా ఏంది?" అన్నాడు.

"చెల్లెమ్మ చెయ్యమంది."

శ్రీహరి భార్య వంక చూశాడు. ఆమె అతని వంకే చూస్తోంది. ఒక్క క్షణం అతను ఏదో అడగబోయి, మొహిద్దీన్ వైపు తిరిగి అడిగిన మాట, "సెట్టింగ్ మార్చావా? మైలేజీ తగ్గదుగా?"

ఆమె స్టూలు మీద నుంచి లేచి నిలబడింది.  ఏం మాట్లాడినా ఆ సందులోనే గట్టిగా ఏడ్చేస్తానని భయమేసి, నోరు మూసుకొని బండెక్కింది.

దారిలో మొదటి బ్రేకరు వచ్చింది. అలవాటు కొద్దీ ఆమె ఒళ్ళంతా బిగదీసుకుంది, అతని భుజాన్ని గట్టిగా పట్టుకుంది. బండి మెల్లగా ఎక్కింది, మెల్లగా దిగింది. ఏమీ కాలేదు. ఇంకో బ్రేకరు. ఏమీ కాలేదు. గొర్రెల మంద అడ్డమొచ్చింది, శ్రీహరి ఆపీ ఆపకుండా వాటి మధ్యలోంచి నడిపించాడు, బండి నీళ్ళ మీద పోయినట్టు పోయింది. ఆమెకు సంతోషం కలగాలి. ప్రతి బ్రేకరూ చెంప మీద కొట్టినట్టుంది. ఇంత తేలికా? ఇంత సుఖంగా పోవచ్చా ఇన్నాళ్ళూ? ఊరు దగ్గర పడింది. భుజం మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఏమీ పట్టుకోకుండా కూర్చుంది. పడలేదు.

"భలే పోతంది గదే" అన్నాడు శ్రీహరి ముందు నుంచి, ఉత్సాహంగా.

టీ కొట్టు ముందు బ్రేకరు దాటుతుంటే బల్లల మీద నుంచి అరుపులు లేచాయి. అమరేశ్వరరావు గరిటె పైకెత్తి, "ఏమమ్మోయ్, ఇయ్యాల పడలేదే! చెయ్యి కూడా పట్టుకోకుండా కూర్చున్నావ్! నేర్చుకున్నావన్న మాట!" అన్నాడు.

శ్రీహరి బండి ఆపాడు. "మా అమ్మ దగ్గరుండి నేర్పింది బాబాయ్. వాకిట్లోనే పాఠం" అన్నాడు. అందరూ నవ్వారు. శ్రీహరి అందరికంటే గట్టిగా నవ్వాడు.

జ్యోతిర్మయి నిర్ఘాంతపోయింది. బాగైన బండి కూడా తన మీదికే వచ్చింది. ఈ మాట ఇవాళ ఇలాగే వదిలేస్తే ఇక ఎప్పటికీ ఇదే నిజమవుతుంది. ముందు చేతకానిది, తర్వాత నేర్చుకుంది.

ఆమె బండి దిగింది.

"నేనేం నేర్చుకోలా మామయ్యా" అంది అమరేశ్వరరావుతో. గొంతు తనదిలా లేదు. "మొన్న ఎట్టా కూర్చున్నానో ఇయ్యాలా అట్టానే కూర్చున్నా. ఇప్పుడే వినుకొండలో బండి బాగుచేయించాం. మొన్న బండే నన్ను ఎత్తి పడేసింది."

నవ్వులు తగ్గాయి. "ఓహో, బండిదా తప్పు" అన్నాడు అమరేశ్వరరావు.

"ఆఁ, అదే బాబాయ్" అని శ్రీహరి వెంటనే అందుకున్నాడు. "రబ్బర్లు పోయినయ్యంట లోపల. మనకేం తెలిసిద్ది."

"మీకు తెలుసు."

అతను తిరిగి చూశాడు.

"మొహిద్దీన్ అన్న ఎండాకాలంలోనే చెప్పాడు మీకు. ఎనకాల ఎక్కినోళ్ళు పడతారని చెప్పాడు. మీరేమన్నారు?"

"ఏమన్నా?"

"మీరే చెప్పండి."

 శ్రీహరి నుదురు ముడేసి నిజంగానే గుర్తు తెచ్చుకోడానికి చూశాడు. అతని ముఖంలో ఆమెకు కనిపించింది కపటం కాదు, మరుపు. అతనికి నిజంగానే గుర్తులేదు. అన్నాడు, మరిచిపోయాడు, ఆమె చెయ్యి విరిగినప్పుడు కూడా గుర్తు రాలేదు. తెలిసి అబద్ధమాడాడనుకున్నప్పటి కంటే ఇది ఆమెను ఇంకా లోపలికి దెబ్బ తీసింది. అంత తేలిగ్గా అన్నాడన్న మాట.

"ఎనకాల ఎక్కేది మా ఆడదేగా, సర్దుకుంటదిలే అన్నారు" అంది ఆమె.

 పాలు పొంగి స్టవ్వు మీద చిటపటమన్నాయి, అమరేశ్వరరావు ఉలిక్కిపడి తిరిగి మంట తగ్గించాడు. బల్ల మీద ఒకాయన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. ఆయనకూ ఒక బండి ఉంది, ఇంట్లో ఆడవాళ్ళున్నారు.

జ్యోతిర్మయి ఇంటి వైపు పోలేదు. ఇవాళ సంఘాలవాళ్ళు కూర్చునే గది వైపు నడిచింది. అది కొట్టుకు కాస్త అవతలే, బడి పక్కన. వెనక నుంచి శ్రీహరి బండి మీద వచ్చి ఆమె పక్కనే నడపసాగాడు.

"ఎక్కవే. నలుగురిలో ఏంది ఇది?"

ఆమె నడుస్తూనే ఉంది.

"ఏదో మాట వరసకి అని ఉంటాను. నువ్వు పడాలనా అన్నది? ఎండగా ఉంది, ఎక్కు. నీకు దణ్ణం పెడతా."

బండి ఆమె నడకకు సరిగ్గా సరిపోయేంత మెల్లగా వస్తోంది. ఆగడం లేదు, దూకడం లేదు. మొన్నటి బండయితే ఇంత మెల్లగా పోయి ఉండేది కాదు, ఎప్పుడో ఎగిరి ముందుకు పోయి ఉండేది. అందుకని అతని మాటలన్నీ, చివరి మాట దాకా, ఆమెకు స్పష్టంగా వినిపించాయి. ఏ మాటలోనూ ఆమెకు కావలసింది లేదు.

గదిలో చాపల మీద ఆడవాళ్ళు అప్పటికే కూర్చొని ఉన్నారు. ఆమెను చూసి శేషారత్నం లేచొచ్చి, "వచ్చావా? ఎందుకే ఎండన పడి? అంతా అనుకున్నాం, సోమవారం నుంచి నేను పోతా" అంది.

"వద్దక్కా. నేనే పోతా."

"ఎట్టా పోతావే? బండెక్కితే పడతావు గదా!"

ఆ అడగడంలో ఎకసెక్కం లేదు, బాధే ఉంది. అడిగి శేషారత్నం గుమ్మం వైపు చూసింది. మిగతావాళ్ళూ అటే చూశారు. ఈ ప్రశ్నకు ఎప్పుడూ జవాబు చెప్పే మనిషి బండి ఆపి గుమ్మంలో నిలబడ్డాడు. ఆడవాళ్ళ మీటింగు గనక లోపలికి రాలేదు, చేతిలో తాళంచెవి తిప్పుకుంటున్నాడు.

"అది పడదక్కా" అన్నాడు శ్రీహరి. తాళంచెవి తిప్పడం ఆపి మళ్ళీ అన్నాడు. "అది ఎప్పుడూ పడలా. నేనే పడేశా."

 శేషారత్నం జ్యోతిర్మయి వంక తిరిగింది. జ్యోతిర్మయి ఆ మాట ఊహించలేదు. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి, తుడుచుకుంది. కరిగిపోదామనిపించింది కూడా. ఇన్నేళ్ళ కాపురం, మంచివాడే, తలొంచుకొని నిలబడ్డాడు. కానీ ఈ గదిలో ఉన్నవాళ్ళంతా ఆడవాళ్ళు. తను నవ్వులపాలైంది ఇక్కడ కాదు.

"ఇక్కడ కాదు" అంది అతని వైపు తిరక్కుండానే. "మామయ్య టీ కొట్టు దగ్గర చెప్పండి. ఇప్పుడు చెప్పినట్టే చెప్పండి."

 తర్వాత మెట్లు దిగిన చప్పుడైంది. బండి స్టార్టయింది. ఇల్లు ఒక వైపు, కొట్టు ఇంకో వైపు. చాపల మీద ఉన్నవాళ్ళంతా మాటలు మాని చెవులు రిక్కించారు.

బండి చప్పుడు కొట్టు వైపు తిరిగింది. ఒకే తీరున, తొందరపడకుండా పోయింది. బ్రేకరు దగ్గర ఇంకా నెమ్మదించింది. ఆగిపోయింది.

జ్యోతిర్మయి చాప మీద చోటు చేసుకొని కూర్చుంది. కట్టు ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుంది.

"సోమవారం మీటింగు ఎన్నింటికక్కా?" అని శేషారత్నాన్ని అడిగింది.